తాళంచెవి ఇచ్చి తలుపు దగ్గరే నిలబడితే

ప్రశ్న: మేడమ్, నా వయసు 43. ఒక సంస్థలో అకౌంట్స్ సెక్షన్ చూస్తున్నాను. గర్భసంచిలో గడ్డల వల్ల రక్తం బాగా పోయి హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. ఆపరేషన్ తప్పదన్నారు. ఆ తర్వాత ఆరు వారాలు విశ్రాంతి. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశాను. ఆపరేషన్ అంటే భయం లేదు, నా పనులు ఎవరికి అప్పజెప్పాలో తెలియకే. ఇప్పుడిచ్చిన తేదీకి ఇంకా రెండు నెలల టైముంది.

ఆఫీసులో 140 మంది జీతాలు నా చేతుల మీదుగా వెళ్తాయి. నా కింద ముగ్గురున్నారు. ఒకతను ఐదేళ్ల క్రితం కొత్త ఫైల్ బదులు పాత నెల ఫైల్ బ్యాంకుకి అప్‌లోడ్ చేశాడు. రాత్రి ఎనిమిదింటికి తనే అనుమానం వచ్చి ఫోన్ చేశాడు కాబట్టి బతికిపోయాం. ఆ రోజు నుంచి ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. రెండో అమ్మాయి కొత్త. మూడో ఆయన సీనియర్. ఏది అడిగినా ‘అయిపోయింది మేడమ్’ అంటారు, వెళ్లి చూస్తే మొదలే పెట్టి ఉండరు.

ఇంట్లో మా అమ్మకు 74 ఏళ్లు. గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతోంది. నిరుడు నేను రెండు రోజులు ఊరెళ్తూ మందులు మా తమ్ముడికి అప్పజెప్పాను. రాత్రి మాత్ర మర్చిపోయి, మర్నాడు రెండూ కలిపి వేసేశాడు. నాకు చెప్పనూ లేదు. అమ్మ చెబితే తెలిసింది. ‘ఇక జన్మలో నీకు ఏ పనీ చెప్పను’ అన్నాను. ఇప్పుడు మళ్లీ వాడే దిక్కు. మావారు నన్ను చూసుకోవడానికి సెలవు పెడుతున్నారు కానీ మందుల విషయంలో ఆయనకు కంగారెక్కువ.

అందరూ ‘మనుషుల్ని నమ్మాలి’ అంటున్నారు. నమ్మే చూశాను కదా! ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నేను లేకపోయినా అంతా నడిచిపోతుందేమో అన్న ఆలోచన లోపలెక్కడో గుచ్చుతోంది. పోనీ, ల్యాప్‌టాప్ ఆస్పత్రికి తీసుకెళ్తే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా తేదీ సంగతి. మూడోసారి వాయిదా వద్దు. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12కి తగ్గితేనే రక్తహీనత అంటారు. మీరు 8 దగ్గర ఉండి ఆఫీసూ ఇల్లూ లాక్కొస్తున్నారు. ఈలోగా దాన్ని పెంచడానికి ఏం చేయాలో మీ డాక్టరుతో మాట్లాడే ఉంటారు. లేకపోతే ఈ వారమే మాట్లాడండి. ఆ తేదీ కదలదు అనుకునే మిగతాదంతా రాస్తున్నాను.

మీ ఉత్తరంలో ఒక వాక్యాన్ని మీరు చాలా తేలిగ్గా దాటేసి వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ‘రాత్రి ఎనిమిదింటికి తనే అనుమానం వచ్చి ఫోన్ చేశాడు.’ ఇంటికి వెళ్లిపోయినా పని మనసులో తిరుగుతోంది, ఎక్కడో తేడా కొట్టింది, తిట్లు తప్పవని తెలిసి కూడా ఫోన్ చేశాడు. మీరు వెతుకుతున్న మనిషి ఐదేళ్లుగా మీ పక్క కుర్చీలోనే ఉన్నాడు. తప్పే చేయని మనిషి కోసం చూస్తున్నారు కాబట్టి కనపడలేదు.

పని అప్పగించేటప్పుడు మనం సాధారణంగా ఎవరికి బాగా వచ్చు అని చూస్తాం. అది చూడాల్సిందే. కానీ నా లెక్కలో అంతకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. చెడు కబురును మన దగ్గరికి ఎంత తొందరగా తెస్తారు? పని నేర్పడానికి రెండు నెలలు చాలు. ఆ గుణం రెండు నెలల్లో నేర్పేది కాదు.

ఇదే కొలతతో చూస్తే మీ సీనియర్ గారి విషయం తేలిపోతుంది. మొదలుపెట్టని పనిని ‘అయిపోయింది’ అనే మనిషికి ఇలాంటి బాధ్యత ఇవ్వకూడదు, ఆయనకు ఎంత అనుభవమున్నా సరే. ఆయన బాధపడతారేమో, జూనియర్‌కి ఇస్తే చిన్నబుచ్చుకుంటారేమో అని మొహమాటపడకండి. ‘మనుషుల్ని నమ్మాలి’ అనే సలహాతో నాకు ఎప్పుడూ ఒక పేచీ ఉంది. ఏ మనిషిని, ఏ పనికి అనేది చెప్పకుండా దాన్ని గాల్లోకి వదిలేస్తారు. ఆయనకు వేరే పని ఇవ్వండి, అయిందో లేదో కంటికి కనిపించే పని.

మరి తమ్ముడు కూడా దాచాడు కదా అంటారా? దాచాడు. ఆ సంగతికి తర్వాత వస్తాను, అక్కడ మీ వాటా కూడా కొంత ఉంది.

నా కథ ఒకటి చెబుతాను, ఇందులో తప్పు నాదే. చాలా ఏళ్ల క్రితం ఒక పత్రికలో పేజీలు చూసేదాన్ని. నాలుగు రోజులు సెలవు పెట్టాల్సొచ్చి, నా పేజీ ఒక కుర్రాడికి అప్పగించాను. అప్పగించానని నేను అనుకున్నాను. గంటగంటకూ ఫోన్ చేసి హెడ్డింగ్ ఏం పెట్టావు, ఫొటో ఏది వాడావు అని అడుగుతూనే ఉన్నాను. మూడో రోజు సాయంత్రం ఒక వార్తలో పేరు తప్పుగా పడిందని అతను గమనించాడు. సరిచేయడం అతనికి చిటికెలో పని. కానీ ‘ఎలాగూ మేడమ్ ఫోన్ చేస్తారు, అడిగి మారుద్దాం’ అని ఆగాడు. ఆ సాయంత్రం నా ఫోన్‌కి సిగ్నల్ దొరకలేదు. తప్పు పేరు అలాగే అచ్చయింది. తిరిగొచ్చాక అతన్ని నిలదీస్తే, ‘మీ ఫోన్ కోసం చూశానండీ’ అన్నాడు. అందులో వెటకారం కూడా లేదు, నిజంగానే చూశాడు. తాళంచెవి అతని చేతిలో పెట్టి, తలుపు దగ్గర నేనే నిలబడ్డాను. అతను మాత్రం ఎలా తీస్తాడు?

మీ ఆఫీసులో జరిగింది కూడా కొంతవరకు ఇదే. ప్రతి రాత్రీ మీరు ఎలాగూ చూసుకుంటారని తెలిశాక వాళ్లు రెండోసారి చూడటం మానేస్తారు. వాళ్ల చూపు తగ్గేకొద్దీ మీ చూపు ఎక్కువ కావాలి. చివరికి మీ కళ్లు తప్ప ఆఫీసుకి కళ్లుండవు. ఐదేళ్లు ఆ అబ్బాయిని నీళ్లలో దిగనివ్వకుండా ఒడ్డున కూర్చోబెట్టి, ఇప్పుడు ‘ఈతొస్తుందా వీడికి?’ అని అడుగుతున్నారు. రాదు మరి. అందుకే ఈ రెండు నెలలూ చాలా విలువైనవి.

ఈ మాట మీద నాకు ఎప్పుడూ అపోలో 11 గుర్తొస్తుంది. 1969 జూలై 20న వ్యోమనౌక చంద్రుడి మీదకు దిగుతుండగా కంప్యూటర్ 1202 అని అలారం ఇచ్చింది. దిగాలా, వెనక్కి రావాలా? సెకన్లలో తేల్చాలి. భూమ్మీద కంట్రోల్ రూమ్‌లో ఆ నిర్ణయం గైడెన్స్, అంటే నౌక దారి, బాధ్యత చూస్తున్న స్టీవ్ బేల్స్‌ది. అతని వయసు 26. వెనక గది నుంచి అతనికి సాయం చేస్తున్న జాక్ గార్మన్‌కి 24. ‘గో’ అన్నారు. దిగారు. ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ ఆ కుర్రాడి మాట మీద ముందుకెళ్లాడు.

వింటే గుడ్డి ధైర్యంలా ఉంటుంది. దీనికి వెనక కథ వేరే ఉంది. ప్రయోగానికి ముందు జరిగిన రిహార్సల్స్‌లో సరిగ్గా ఇలాంటి అలారమే ఒకటి ఇచ్చి చూశారు. ఆ రోజు బేల్స్ కంగారుపడి ‘దిగొద్దు, వెనక్కి’ అన్నాడు. అది తప్పు నిర్ణయమని తర్వాత తేలింది. అప్పుడు క్రాంజ్ అతన్ని ఆ కుర్చీలోంచి లేపేయలేదు. వచ్చే అవకాశమున్న అలారాలన్నీ కూర్చుని చదవండి, దేనికి ఏం చేయాలో రాసుకోండి అన్నాడు. గార్మన్ చేత్తో రాసిన జాబితా ఒకటి తయారైంది. అసలు రోజున పనికొచ్చింది అదే.

మీ ఐదేళ్ల నాటి పాత ఫైల్ ఆ రిహార్సల్ లాంటిదే. తేడా ఏమిటంటే, మీరు అతన్ని కుర్చీలోంచి లేపేశారు.

ఇక పనిలోకి వద్దాం. రెండు నెలలంటే మీకు రెండు మంత్-ఎండ్‌లు దొరుకుతాయి. మొదటిసారి జీతాల పని మొత్తం అతను చేయాలి, మీరు పక్కన కూర్చోవాలి. మౌస్ మాత్రం ముట్టుకోకూడదు. మీకు నోరు ఊరుకోదని నాకు తెలుసు, అందుకని ఒక కాగితం దగ్గర పెట్టుకుని, చెప్పాలనిపించిన ప్రతిదీ అందులో రాయండి. సాయంత్రం ఆ కాగితం అతనికి ఇవ్వండి. అందులో సగం ‘నేనైతే ఇలా చేసేదాన్ని’ బాపతువి ఉంటాయి. అవి కొట్టేసి ఇవ్వండి.

రెండో నెల అదే రోజున సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. ఆపరేషన్ ముందు అంత పని ఉంటే సెలవేమిటి అనిపిస్తుంది. కానీ మీరు లేని రోజు ఎలా ఉంటుందో మీరుండగానే ఒకసారి తెలియాలి. ఏ పాస్‌వర్డ్ మీకు తప్ప ఎవరికీ తెలియదు, ఏ మనిషి మీరు అడిగితే తప్ప కాగితం ఇవ్వడు, ఇవన్నీ ఆ ఒక్క రోజులో బయటపడతాయి. పక్కన కూర్చుని ఎంత చెప్పినా బయటపడవు.

పాస్‌వర్డ్ అన్నాను కదా, ఇది ముఖ్యం. మీ లాగిన్, మీ పాస్‌వర్డ్ అతనికి ఇచ్చేసి వెళ్లకండి. అది నమ్మకం కాదు, ఇద్దరికీ ప్రమాదం. అతని పేరు మీద వేరే లాగిన్ తీసుకోండి. బ్యాంకు ఓటీపీ ఇప్పుడు మీ ఫోన్‌కే వస్తుంటే, మీరు మత్తులో ఉండగా మీ ఫోన్ కోసం 140 మంది జీతాలు ఆగుతాయి. ఓటీపీ ఎవరికి వెళ్లాలో మార్చాలంటే బ్యాంకులో కాగితాలు, పైవాళ్ల సంతకాలు, వారాల టైము పడుతుంది. కాబట్టి ఈ ఉత్తరం చదివిన మర్నాడే మొదలుపెట్టాల్సిన పని ఇది. ‘ఫలానా తేదీ నుంచి ఈ పని ఇతను చేస్తారు, ఆమోదం నేరుగా మీరు ఇవ్వాలి’ అని మీ పై అధికారి చేత రాతపూర్వకంగా చెప్పించండి. అధికారం లేకుండా బాధ్యత ఒక్కటే ఇస్తే, అతను పక్క సెక్షన్ నుంచి ఒక్క కాగితం కూడా తెప్పించుకోలేడు.

కొత్తమ్మాయికి కూడా పనుంది. బ్యాంకులో మేకర్, చెకర్ అంటారే, అలాగ ఫైల్ చేసేది అతను, చూసేది ఆమె. ‘బాగా చూడమ్మా’ అని వదిలేయకండి. ఫైల్ మీద నెల పేరు సరిగ్గా ఉందా? పేర్లు ఎన్ని? పోయిన నెలకీ ఈ నెలకీ మొత్తంలో తేడా ఎంత? కొత్తగా చేరినవాళ్లు, మానేసినవాళ్లు, జీతం మారినవాళ్లు కలిపితే ఆ తేడా సరిపోతోందా? ఇంతే. ఐదేళ్ల కిందటి తప్పు మొదటి ప్రశ్న దగ్గరే దొరికేది. దీనికి అనుభవం అక్కర్లేదు, అసలు కొత్తవాళ్లే నయం, వాళ్లు నిజంగా లెక్కపెడతారు.

ఒకరి మీద ఇంకొకరిని కాపలా పెట్టడం అవమానం కదా అని కొందరు అంటారు. బేరింగ్స్ బ్యాంకు సంగతి వాళ్లకు చెప్పాలి. 1762లో లండన్‌లో పెట్టిన ఆ బ్యాంకు 1995 ఫిబ్రవరిలో కుప్పకూలింది. సింగపూర్ ఆఫీసులో నిక్ లీసన్ అనే 28 ఏళ్ల ఉద్యోగి 82.7 కోట్ల పౌండ్ల నష్టం తెచ్చిపెట్టాడు. అతను లాభాలు తెస్తున్నాడని లండన్‌లో అందరికీ గొప్ప గురి. ట్రేడింగ్ చేసేదీ అతనే, ఆ ట్రేడింగ్ లెక్కలు రాసే విభాగం నడిపేదీ అతనే. ఇది మంచిది కాదని బ్యాంకు సొంత ఆడిట్ అంతకు ముందు ఏడాదే చెప్పింది, ఎవరూ కదల్లేదు. నష్టాన్ని 88888 అనే ఖాతాలో దాస్తూ పోయాడు. మొదట అది చిన్న మొత్తమే. లెక్క ఇంకొకరి చేతిలో ఉంటే ఆ చిన్న మొత్తం దగ్గరే బయటపడేది, బ్యాంకూ మిగిలేది, అతనూ జైలుకి వెళ్లేవాడు కాదు. నిజం చెప్పాలంటే, చూసే కళ్లు ఇంకో జత ఉన్నాయంటే నాకైతే ఎక్కువ నిద్ర పడుతుంది.

ఇప్పుడు అమ్మ సంగతి. ఆఫీసులో తప్పు జరిగితే దిద్దుకోవచ్చు, ఇక్కడ అంత వెసులుబాటు లేదు, మీ భయం నాకు అర్థమైంది. వార్ఫరిన్ తక్కువైతే రక్తం గడ్డకడుతుంది, ఎక్కువైతే కారుతుంది. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేసి డాక్టర్ మోతాదు మారుస్తూ ఉంటారు. ఇలాంటి మందు చేతికిస్తూ తమ్ముడికి మీరు ఏం చెప్పారో గుర్తు చేసుకోండి. ‘రాత్రి ఎనిమిదింటికి ఇది వెయ్యి.’ అంతే అయ్యుంటుంది. ‘మర్చిపోతే ఏం చేయాలి’ అనేది చెప్పి ఉండరు. మనం పని చెప్పేటప్పుడు అంతా సవ్యంగా జరిగే రోజు గురించే చెబుతాం. అవతలివాళ్లకు మన అవసరం పడేది సవ్యంగా జరగని రోజున. అతను నిర్లక్ష్యంతో రెండు మాత్రలు వేయలేదు. బాకీ తీర్చేద్దామనుకున్నాడు. తెలియక.

మామూలుగా చెప్పేది ఏమిటంటే, మర్చిపోయింది అదే రోజు గుర్తొస్తే అప్పుడే వేయాలి. మర్నాడు గుర్తొస్తే వదిలేసి, ఆ రోజుది ఆ రోజు వేయాలి. రెండు కలిపి ఎప్పుడూ వేయకూడదు. మర్చిపోయిన సంగతి రాసిపెట్టి డాక్టరుకి చెప్పాలి. మీ అమ్మగారి విషయంలో ఇదే వర్తిస్తుందో లేదో ఆమె డాక్టరుని అడగండి. అడగడానికి మీరొక్కరే వెళ్లకండి, తమ్ముణ్ని తీసుకెళ్లండి. వీలైతే అతన్నే అడగనివ్వండి. మీ నోటి నుంచి వింటే అది అక్క ఆర్డరు. డాక్టరు నోటి నుంచి వింటే అది అతని పని అవుతుంది. ఒంటి నొప్పులకు అడక్కుండా నొప్పి మాత్ర కొనివ్వకూడదు, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా, కింద పడి తలకు దెబ్బ తగిలినా వెంటనే తీసుకెళ్లాలి. ఇవన్నీ కూడా అక్కడే వింటాడు.

వారానికి సరిపడా గళ్లుండే మందుల డబ్బా ఒకటి తెప్పించండి. గడి ఖాళీ అయిందా లేదా అనేది ఎవరికైనా కనిపిస్తుంది, ‘వేశావా?’ అని అడిగే అవసరమే రాదు. ఇంకొక చిన్న అలవాటు. విమానాల్లో పైలట్‌కి కంట్రోలర్ ఏదైనా ఆదేశం ఇస్తే, పైలట్ దాన్ని తిరిగి అప్పజెబుతాడు. విన్నాను అంటే చాలదు, విన్నది చెప్పాలి. తమ్ముడికి అంతా చెప్పాక ‘అర్థమైందా?’ అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. ‘ఏదీ, రాత్రి మర్చిపోయావనుకో, ఏం చేస్తావు?’ అని అడగండి. మీవారికి కంగారెక్కువన్నారు కదా, ఆయన్నీ కూర్చోబెట్టి వినిపించండి. కంగారు చాలావరకు తెలియకపోవడం వల్లే వస్తుంది.

ఈ రెండు నెలల్లోనూ మందులు తమ్ముడే వేయాలి, వారంలో కొన్ని రోజులైనా. మీరు ఇంట్లోనే, పక్క గదిలో.

దాచిన విషయానికొస్తాను. అతను భయపడ్డాడు. మీరు అన్న ‘జన్మలో నీకు చెప్పను’తో ఆ భయం సరైనదేనని తేలింది. మీ జూనియర్ కూడా నిజం చెప్పినందుకు ఏం పొందాడు? పని పోగొట్టుకున్నాడు. చూశారా, ఒకరు దాచారు, ఒకరు చెప్పారు, ఇద్దరికీ మీ దగ్గర దొరికింది ఒకటే శిక్ష. ఈసారి ఎవరు మాత్రం ఎందుకు చెప్పాలి? సీనియర్ గారికీ తమ్ముడికీ తేడా ఇక్కడుంది. ఆయనకు దాచడం అలవాటు, ఇతను ఒక్కసారి బెదిరి దాచాడు. అలవాటుని మీరు మార్చలేరు. బెదురుని తీసేయగలరు. తమ్ముడితో కూర్చుని, ‘ఆ రోజు నేను నీకు సరిగ్గా చెప్పలేదురా, పైగా తిట్టాను. ఈసారి ఏం జరిగినా దాచకుండా నాకు చెప్పు, తిట్టను’ అనండి. తర్వాత నిజంగానే ఏదైనా జరిగి అతను ఫోన్ చేసినప్పుడు, మీ నోట మొదట వచ్చే మాట ‘మంచిపని చేశావు చెప్పి’ అయ్యుండాలి. కష్టం. అద్దం ముందు రెండుసార్లు అనుకోండి, నవ్వకండి, నేను చేశాను.

ఎప్పుడు మీకు ఫోన్ చేయాలో కూడా ముందే తేల్చేయండి. అమ్మకు రక్తం కారితే ముందు ఆస్పత్రి, తర్వాత మీరు. ఆఫీసులో జీతాలు ఆ రోజు పడవని తేలిపోతే మీ పై అధికారికి. ఆఫీసులో మిగతావేవీ మీ దాకా రానక్కర్లేదు. మీరు మాత్రం, ఓపిక వచ్చాక, వారానికి ఒక్కసారి, ముందే అనుకున్న సమయానికి పదిహేను నిమిషాలు మాట్లాడండి. ఆ సమయం తప్ప ఇంకెప్పుడూ మీరు ఫోన్ చేయరని వాళ్లకు తెలియాలి. అప్పుడే నా పాత కుర్రాడిలా ఎవరూ ఎదురుచూస్తూ కూర్చోరు.

తప్పులు జరుగుతాయా? జరుగుతాయి. ఒక అలవెన్సు తప్పు పడుతుంది, ఎవరో సర్టిఫికెట్ ఆలస్యమవుతుంది. మీరున్నప్పుడూ జరిగాయి, మీ తప్పులు మీరే దిద్దుకున్నారు కాబట్టి ఎవరికీ తెలియలేదు, అంతే. జవాబు చెప్పాల్సొస్తే ‘అప్పగించింది నేను’ అని మీరే అనండి. ‘వాడికి ఇస్తే ఇలా చేశాడు’ అన్నారంటే ఇదంతా వృథా.

నేను లేకపోయినా నడిచిపోతుందేమో అన్న మాట రాయడానికి మీకు ధైర్యం కావాల్సి వచ్చి ఉంటుంది. దాన్ని తప్పని అనను. ఇరవై ఏళ్లు ‘ఆవిడ లేకపోతే కుదరదు’ అనిపించుకుంటే ఆ మాట తియ్యగానే ఉంటుంది, నాకూ ఉండేది. నడుస్తుంది. ఆరు వారాలు నడుస్తుంది. మొదటి వారం గుచ్చుతుంది కూడా. తర్వాత ఏదో ఒక మధ్యాహ్నం రెండు గంటలు ఏకధాటిగా నిద్రపోయి లేచి, ఎవరూ ఫోన్ చేయలేదని గమనిస్తారు. అప్పుడు ఎలా అనిపించిందో నాకు రాయండి, నిజంగా తెలుసుకోవాలనుంది.

ల్యాప్‌టాప్ సంగతి అడిగారు. వద్దు. ఆఫీసులో ఇచ్చేసి వెళ్లండి. ఛార్జర్ కూడా.